గడుల్లో పారే గోదావరి

 

ఈ ఉపన్యాసం జరిపే ధర్మనిధి ఎవరి పేరు మీద ఏర్పడిందో ఆ మాస్టారు నాకు హైడ్రాలజీ పాఠం చెప్పారు. ఆయన కంప్యూటర్ ముట్టుకోలేదు. గ్రాఫు కాగితం, చెక్కిన పెన్సిలు, గేజీ పుస్తకం ఉంటే చాలు. వరద లెక్క ఎవరు చేసుకొచ్చినా, జవాబు చూడకముందే ‘ఏ గేజీ దగ్గర?’ అని అడిగేవారు. ‘గోదావరిలో’ అంటే ఒప్పుకునేవారు కాదు. పెద్ద నదీ పరీవాహక ప్రాంతాల వరదలను కంప్యూటర్ మోడళ్లు ఎంత బాగా అనుకరిస్తున్నాయన్నది ఈ రోజు నాకిచ్చిన అంశం. దీన్ని విప్పడానికి నాకు ఆ ప్రశ్నే పనికొస్తోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొత్తం ఎంత నీరు వస్తుంది, పోటు ఏ రోజుకు చేరుతుంది అన్న విషయాల్లో మోడళ్లు ఇప్పుడు నమ్మదగ్గ స్థితికి వచ్చాయి. పోటు ఎంత ఎత్తుకు లేస్తుందో చెప్పడంలో ఫర్వాలేదనిపిస్తాయి. నీళ్లు ఎవరి గడప తొక్కుతాయో చెప్పడంలో మాత్రం ఇంకా చాలా వెనకబడి ఉన్నాయి. ఆ వెనకబాటుకు సమీకరణాలను తప్పుబట్టడం మనకు అలవాటు. అసలు లోటు మనం కొలవని అంకెల్లోనూ, కొలిచి బీరువాల్లో పెట్టుకున్న అంకెల్లోనూ ఉందన్నది నా వాదన.

గోదావరినే ఉదాహరణగా తీసుకుంటాను. 1,465 కిలోమీటర్ల నది, 3,12,812 చదరపు కిలోమీటర్ల పరీవాహకం. నాసిక్ దగ్గర పుట్టిన గోదావరి పేరు మోస్తుంది గానీ, భద్రాచలంలో మనం చూసే ఎర్రనీటి వరదను తెచ్చేది ముఖ్యంగా ప్రాణహిత, ఇంద్రావతి. ప్రాణహిత ఒక్కదాని పరీవాహకమే లక్షా 9 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మొత్తంలో మూడో వంతు. ఇంద్రావతిది మరో 41 వేలు. భద్రాచలం దాటాక శబరి కలుస్తుంది. ఈ ఉపనదుల మీద వరదను ఆపి పట్టుకోగల పెద్ద జలాశయాలు తక్కువ. అందుకే మోడల్ సత్తా చూడటానికి భద్రాచలం మంచి చోటు. అక్కడికి వచ్చే వరదలో మనిషి చెయ్యి తక్కువ, వాన చెయ్యి ఎక్కువ.

1986 ఆగస్టులో భద్రాచలం గేజీ 75.6 అడుగులు చూపింది. ప్రవాహం సుమారు 27 లక్షల క్యూసెక్కులు. అదే వరదకు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే ఇంకో అంకె పక్కన పెట్టాలి. 35 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు లక్ష ఘనపు మీటర్లు. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద నది అమెజాన్ ఏడాది సగటు ప్రవాహం సెకనుకు సుమారు 2 లక్షల ఘనపు మీటర్లు. అంటే మన గోదావరి ఆ రోజున సగం అమెజాన్. ఏప్రిల్‌లో అదే బ్యారేజీ కింద ఇసుక తిన్నెల మీద పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. ఈ రెండు గోదావరులనూ ఒకే ప్రోగ్రాము లెక్కకట్టాలి.

2022 జులై 16న భద్రాచలం మళ్లీ 71.3 అడుగులకు వెళ్లింది. ప్రవాహం 24 లక్షల 40 వేల క్యూసెక్కుల చిల్లర. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు కనుక నది ఆ గీతకు పైన ఇంకో 18 అడుగులు ఉందన్నమాట. జులైలోనే అంత వరద రావడం పెద్దవాళ్లకు కూడా కొత్త.

ఈ రెండు వరదలనూ పక్కపక్కన పెట్టి ఒక చిన్న లెక్క వేద్దాం. ప్రవాహంలో తేడా 2 లక్షల 60 వేల క్యూసెక్కులు, నీటిమట్టంలో తేడా 4.3 అడుగులు. మోటు లెక్కే, రెండే బిందువులు. అయినా ఆ స్థాయి వరదలో ప్రవాహం అంచనా పది శాతం తప్పితే మట్టం నాలుగడుగులు తప్పుతుందని అర్థమవుతుంది. ఇరవై శాతం తప్పితే ఎనిమిది. మొదటి హెచ్చరిక 43, రెండోది 48, మూడోది 53. మొదటికీ మూడోదానికీ మధ్య ఉన్నది పదే అడుగులు. ప్రపంచస్థాయి మోడల్ ఒక పెద్ద నదిలో పోటును ఇరవై శాతం తేడాతో పట్టుకుంటే పరిశోధకులు భుజం తట్టుకుంటారు. అందులో తప్పులేదు, నిజంగానే అది మంచి ఫలితం. కాని కేంద్ర జల సంఘం తన నీటిమట్టం సూచనకు పెట్టుకున్న హద్దు అటూఇటూ 15 సెంటీమీటర్లు, అంటే అర అడుగు. అంతకు మించితే ఆ సూచన తప్పిన ఖాతాలో పడుతుంది. ‘బాగా’ అన్న మాటకు రెండు ఆఫీసుల్లో ఇంత తేడా ఉంది.

జల సంఘం అంత ఖచ్చితంగా ఎలా చెబుతోందంటే, ఎగువ గేజీ చూసి. పేరూరు దగ్గర ఎంత పెరిగింది, దుమ్ముగూడెం దగ్గర ఎంత పెరిగింది అన్న అంకెలు, గత వరదల్లో వాటికీ భద్రాచలానికీ ఉన్న సంబంధం. 1958లో ఢిల్లీ దగ్గర యమున పాత రైల్వే వంతెనతో మొదలైన పద్ధతి ఇది. మాస్టారి గ్రాఫు కాగితం ఇంచుమించు ఇదే. గురి బాగుంటుంది, గడువు తక్కువ. నీళ్లు ఎగువ గేజీ దాటాకే మాట్లాడుతుంది కనుక చేతిలో ఉండేది గంటలే. వారం ముందే చెప్పాలంటే వాన పడకముందే మొదలుపెట్టాలి. అక్కడ పెద్ద మోడల్ తప్ప దారి లేదు.

ఈ పెద్ద మోడల్ లోపల ఏముంటుందో విద్యార్థుల కోసం క్లుప్తంగా చెబుతాను. పరీవాహకాన్ని చదరపు గడులుగా కోస్తారు. ఒక్కో గడిలో వాన ఎంత, నేల ఎంత తాగింది, చెట్లు ఎంత పీల్చాయి, మిగిలి పారింది ఎంత అని లెక్క కడతారు. ఆ పారిన నీటిని గడి నుంచి గడికి దించుతూ సముద్రం దాకా తీసుకెళతారు. చాలాకాలం ఒక్కో గడి అర డిగ్రీ ఉండేది, అంటే దాదాపు 55 కిలోమీటర్లు. భద్రాచలం, పాల్వంచ, కొత్తగూడెం ఒకే గడిలో ఇమిడిపోవచ్చు. ఇప్పుడు యూరప్ వారి ప్రపంచ వరద హెచ్చరిక వ్యవస్థ గ్లోఫాస్ గడి దాదాపు 5 కిలోమీటర్లకు దిగింది. గడి చిన్నదైతే చిత్రం స్పష్టంగా కనిపిస్తుంది. నిజమైనదో కాదో వేరే సంగతి.

వాన నుంచి పారుదల లెక్కకట్టే మొదటి సగం మీదే అందరి దృష్టీ ఉండేది. రెండో సగాన్ని, అంటే నీరు నది వెంట నడిచి వెళ్లే లెక్కను, ఏదో తేల్చేసేవారు. కొన్ని పాత మోడళ్లలో ప్రపంచంలోని నదులన్నీ సెకనుకు అర మీటరు వేగంతో పారతాయి. ఎండాకాలమైనా, వరదైనా, కొండల్లోనైనా, డెల్టాలోనైనా అదే వేగం. ఆ వేగంతో నీరు రోజుకు 43 కిలోమీటర్లు వెళుతుంది. భద్రాచలం నుంచి ధవళేశ్వరం నది దారిలో సుమారు 150 కిలోమీటర్లు. మోడల్ గోదావరికి మూడున్నర రోజులు పట్టాలి. అసలు గోదావరికి పెద్ద వరదలో ఒక రోజుకు అటూఇటుగా పడుతుంది. నెలవారీ సగటు నీటి లెక్కకు ఈ తేడా ఏమీ కాదు. వరద పోటుకు ఇదే ప్రాణం. ఇంద్రావతి పోటూ ప్రాణహిత పోటూ ఒకే రోజు పేరూరు చేరితే ఒక వరద, రెండు రోజుల ఎడంతో చేరితే ఇంకో వరద. వాన మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే.

టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన దాయ్ యమజాకి 2011లో కామా-ఫ్లడ్ అన్న మోడల్ బయటపెట్టారు. ప్రతి గడిలో నది కాలువ ఒకటి, దాని పక్కన పొంగి పరుచుకునే మైదానం ఒకటి ఉంటాయన్నది అందులో మూలసూత్రం. కాలువ నిండితే నీరు మైదానంలోకి పొర్లుతుంది, అక్కడ నిలుస్తుంది, వరద తగ్గాక మెల్లగా తిరిగి వస్తుంది. దిగువన మట్టం ఎక్కువగా ఉంటే పైనీరు ఆగుతుంది. 2017లో ఒక అంతర్జాతీయ బృందం తొమ్మిది ప్రపంచస్థాయి మోడళ్ల పారుదలను తీసుకుని, వాటి సొంత నడక లెక్కలు పక్కనపెట్టి, అన్నిటినీ కామా-ఫ్లడ్‌లో నడిపి చూసింది. వాన అదే, నేల లెక్క అదే. నడక ఒక్కటీ మార్చేసరికి ఎక్కువ చోట్ల గరిష్ఠ ప్రవాహం కొలతలకు దగ్గరగా వచ్చింది. నా దృష్టిలో ఈ రంగంలో గత రెండు దశాబ్దాల్లో వచ్చిన అతి ముఖ్యమైన ఫలితాల్లో ఇదొకటి. వరద శిఖరాన్ని వాన ఎంత చెక్కుతుందో, నది దారి కూడా అంత చెక్కుతుంది. అమెజాన్‌లో ఆ మైదానాలు ఎంత విశాలమంటే, వానకూ పోటుకూ మధ్య వారాలు, నెలలు గడుస్తాయి. మనౌస్ దగ్గర నది సాధారణంగా జూన్‌లో గరిష్ఠానికి వస్తుంది, అప్పటికి ఆ ఊళ్లో వానలు తగ్గిపోయి ఉంటాయి.

మోడల్ బాగుందని ఎలా తేలుస్తారో చూద్దాం. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన దేశపు నదుల్లో ఈ మార్కుల విధానం బాగా మోసం చేస్తుంది. నాష్, సట్‌క్లిఫ్ అన్న ఇద్దరు 1970లో ఇచ్చిన కొలమానం ఇప్పటికీ అందరూ వాడతారు. మోడల్ కొలతతో అక్షరాలా సరిపోతే ఒకటి. ఏడాది సగటు ప్రవాహాన్నే రోజూ జవాబుగా రాసుకుంటూ పోయేవాడితో సమానమైతే సున్నా. అంటే ఈ పరీక్షలో పోటీ ఏమీ తెలియని వాడితో. యూరప్‌లో ఏడాదంతా చినుకులు పడే నదిలో ఆ పోటీ కాస్త గట్టిదే. గోదావరిలో జూన్ నుంచి అక్టోబరు దాకా పారేదే దాదాపు అంతా, మిగతా నెలల్లో పాయలు. అలాంటి నదిలో ‘వానాకాలంలో నీళ్లుంటాయి, ఎండాకాలంలో ఉండవు’ అన్న సంగతి మాత్రమే తెలిసిన మోడల్‌కు కూడా చెప్పుకోదగ్గ మార్కులు పడతాయి. ఆ సంగతి భద్రాచలంలో పడవ నడిపేవాడికి కంప్యూటర్ లేకుండానే తెలుసు. కాబట్టి సిద్ధాంత వ్యాసాల్లో 0.8 వచ్చింది, 0.85 వచ్చింది అని చూస్తే చప్పట్లు కొట్టే ముందు ఇంకో ప్రశ్న అడగండి. ఏటా అదే తేదీన ఉండే సగటు ప్రవాహంతో పోటీ పెడితే ఎంత వస్తుంది? 43 అడుగులు దాటిన రోజులు మాత్రమే తీసుకుంటే ఎంత? చాలా అంకెలు ఆ రెండో వడపోతలో జారిపోతాయి.

కొలత కూడా పూర్తిగా కొలత కాదన్న సంగతి సివిల్ విద్యార్థులకు ఎవరో ఒకరు చెప్పాలి. నదిలో ప్రవాహాన్ని గంటగంటకూ ఎవరూ నేరుగా కొలవరు. మట్టం కొలుస్తారు. మట్టానికీ ప్రవాహానికీ మధ్య ఒక వక్రరేఖ గీసుకుంటారు. ఆ రేఖకు కావలసిన బిందువులను పడవలో వెళ్లి, కరెంట్ మీటరు దించి, ఒక్కో నిలువులో వేగం చూసి సంపాదిస్తారు. నది నలభై అడుగుల్లో ఉన్నప్పుడు ఆ పని కష్టం. డెబ్భై అడుగుల్లో, మొదలుతో సహా కొట్టుకొచ్చే చెట్ల మధ్య, పడవ దించేవాడు ఉండడు. కాబట్టి పైభాగంలో ఆ రేఖను చేత్తో పొడిగిస్తారు. మనం 24 లక్షలు, 27 లక్షలు అని చెప్పుకునే అంకెలు ఆ పొడిగించిన భాగం నుంచి వచ్చినవే. నేను ఇందాక వేసిన లెక్కకూ ఇదే షరతు వర్తిస్తుంది. మోడల్‌కూ కొలతకూ తేడా వస్తే తప్పు ఎవరిదన్నది వెంటనే తేలదు. ఇద్దరినీ విచారించాలి.

వాన గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. భారత వాతావరణ శాఖ దాదాపు 7 వేల వర్షమాపకాల ఆధారంగా, 1901 నుంచి పావు డిగ్రీ గడుల్లో రోజువారీ వాన లెక్క తయారుచేసింది. గొప్ప పని. కాని వర్షమాపకాలు ఉన్నచోట ఆ గడి నిజం, లేనిచోట పక్కవాటి నుంచి అల్లిన అంచనా. ఇంద్రావతి పరీవాహకంలో అబూజ్‌మాడ్ అడవులున్నాయి. అక్కడ ఎన్ని మాపకాలు ఉండి ఉంటాయో మీరే ఊహించుకోండి. ఉపగ్రహాలు ఆ లోటు కొంత తీర్చాయి. ముందురోజుల వానకైతే యూరప్ వాతావరణ కేంద్రం ఒకే సూచన ఇవ్వకుండా 51 రకాలుగా నడిపి చూపిస్తుంది. వాటిని వరద మోడల్‌లో నడిపితే సగానికి పైగా భద్రాచలంలో 53 అడుగుల పైకి పోతున్నాయని చెప్పగలగడం నిజాయితీ గల మాట. కలెక్టర్‌కు మాత్రం ఆ మాట నచ్చదు. ఖాళీ చేయించాలా వద్దా అన్నదానికి ఆయనకు ఒక్క జవాబు కావాలి.

నేల ఎత్తు విషయం మాత్రం మనవాళ్లకు బొత్తిగా తెలియదు. వరద నీరు ఎక్కడ పరుచుకుంటుందో చెప్పాలంటే నేల ఎక్కడ ఎంత ఎత్తులో ఉందో తెలియాలి. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక పదకొండు రోజుల పాటు రాడార్‌తో భూమిని కొలిచింది. ప్రపంచ వరద మోడళ్లు చాలావరకు ఆ పటం మీదే నిలబడ్డాయి. ఆ రాడార్ కిరణం చెట్ల గుబురులోకి పూర్తిగా దూరి నేలను తాకలేదు, కొమ్మల మధ్యలోనే తిరిగొచ్చింది. ఇప్పుడు కోనసీమను తలచుకోండి. గౌతమి పాయకూ వశిష్ఠ పాయకూ మధ్య సముద్రమట్టానికి కొద్ది మీటర్లు మాత్రమే ఎత్తున్న నేల, దాని నిండా కొబ్బరితోట. ఆ పటంలో అయినవిల్లి లంకల్లో నేల చాలాచోట్ల కొబ్బరి మట్టల దాకా లేచి కనిపిస్తుంది. మోడల్ నీళ్లు వదిలితే అవి తోటలు లేని ఖాళీ చేలల్లోకి పోతాయి, తోటల మధ్య ఉన్న ఇళ్లు పొడిగా ఉంటాయి. వాస్తవంలో లంకల్లో జనం పడవల్లో తిరుగుతుంటారు. కొలిచిన ఫిబ్రవరి వానాకాలం కాదు కనుక నదిలో ఉన్న కొద్దిపాటి నీటి పైమట్టాన్నే రాడార్ నది అడుగుగా రాసుకుంది. నీటి కింద లోతు దానికి కనపడదు. పాపికొండల దగ్గర నది రెండు మూడు వందల మీటర్లకు ఇరుకవుతుంది, లోతు మాత్రం విపరీతం. నది వెడల్పును పరీవాహక విస్తీర్ణాన్ని బట్టి సూత్రంతో ఊహించుకునే మోడల్‌కు అక్కడ ఇరుకు ఉందన్న ఊసే తెలియదు. పైన కూనవరంలో నీరు ఎందుకు లేస్తుందో దానికి అర్థం కాదు.

2017లో యమజాకి బృందమే ఆ పటంలోంచి చెట్ల ఎత్తు తీసేసి కొత్త పటం ఇచ్చింది. పరిస్థితి బాగుపడింది. కాని ఏటిగట్టు ఎత్తు, రోడ్డు కట్ట, రైలు కట్ట, స్లూయిస్ ఇవేవీ తొంభై మీటర్ల గడిలో కనపడవు. భద్రాచలంలో కరకట్ట ఊరిని నది నుంచి కాపాడుతుంది. నది పెరిగినప్పుడు స్లూయిస్ తలుపులు దించేస్తారు. అప్పుడు ఊళ్లో పడ్డ వాన బయటికి పోయే దారి లేక లోపలే నిలుస్తుంది, మోటార్లు పెట్టి తోడాలి. గుడి చుట్టుపక్కల వీధులు కొన్నిసార్లు మునిగేది గోదావరిలో కాదు, ఈ లోపలి నీళ్లలో. ఏ ఖండస్థాయి మోడలూ దీన్ని పట్టుకోలేదు, పట్టుకోవాలని ఆశించడం కూడా అన్యాయం.

2016లో ఆఫ్రికా ఖండానికి ఆరు ప్రపంచస్థాయి మోడళ్లు గీసిన ముంపు పటాలను ఒకదాని మీద ఒకటి పరిచి చూశారు. అవి ఏకీభవించిన ప్రాంతం ముప్పై నుంచి నలభై శాతం మాత్రమే. డెల్టాల్లోనూ, చదును మైదానాల్లోనూ విభేదం మరీ ఎక్కువ. మన గోదావరి, కృష్ణా డెల్టాలు రెండూ అలాంటి నేలలే. బీమా కంపెనీలూ బ్యాంకులూ ఇలాంటి పటాలు కొనుక్కుని ఊళ్లకు మార్కులు వేసే రోజులు వచ్చాయి. పటం రంగులు చూసి భూమి ధర తేల్చేవారు ఈ ముప్పై నలభై శాతం సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

గోదావరి దాటి కృష్ణకు వస్తే కథ మారిపోతుంది. అక్కడ మనిషి చెయ్యి ఎక్కువ. 2009 అక్టోబరు మొదటి రోజుల్లో తుంగభద్ర, కృష్ణ రెండూ కలిసి శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద తెచ్చాయి. డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులైతే నీరు 896 దాటింది. అక్టోబరు 2న కర్నూలు మునిగింది. మూడు రోజుల తర్వాత, 5న, విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ దగ్గర గరిష్ఠంగా వచ్చింది 11 లక్షల 10 వేల క్యూసెక్కులు. పైన 25, కింద 11. మధ్యలో శ్రీశైలం, నాగార్జునసాగర్ పట్టుకుని, విడతలుగా వదిలాయి. ఆ రెండు జలాశయాలూ లేని మోడల్ విజయవాడకు రెట్టింపు వరదను పంపి ఉండేది. జలాశయాలు ఉన్న మోడల్ కూడా సరిగ్గా చెప్పేదని నేను పూచీ పడను. 2006లో జపాన్ శాస్త్రవేత్త హనసాకి బృందం ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చాలా మోడళ్లకు ఆధారం. అది సాగుకు ఎంత కావాలి, జలాశయంలో ఎంత ఉంది అని చూసి నీరు వదులుతుంది. సాధారణ సంవత్సరాల్లో బాగానే పనిచేస్తుంది. అర్ధరాత్రి కంట్రోల్ రూములో చీఫ్ ఇంజనీరు దిగువ ఊళ్లను, ఎగువ నుంచి వచ్చే కబురును, కట్ట మీది ఒత్తిడిని తూచి ఎన్ని గేట్లు ఎన్ని అడుగులు ఎత్తమంటారో ఆ సూత్రంలో ఉండదు. గోదావరి వైపు 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు సామర్థ్యాన్ని మించిన వరద వచ్చింది. 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు, నీరు కట్ట మీదుగా పొర్లింది. మొరాయించిన గేటుకు సమీకరణం లేదు. గేటు ఎంత ఎత్తారన్న అంకెకు మాత్రం రిజిస్టరు ఉంది. ప్రతి డ్యామ్ దగ్గరా గంటగంటకూ రాస్తారు. ఆ రిజిస్టర్లు పాత సంవత్సరాలతో సహా బయటికి వస్తే కృష్ణా మోడళ్లు ఒకే ఏడాదిలో ఎంత బాగుపడతాయో, పదేళ్ల పరిశోధన నిధులతో అంత బాగుపడవని నేను నమ్ముతున్నాను.

కృత్రిమ మేధ గురించి అడుగుతారని తెలుసు. 2024లో గూగుల్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. ప్రపంచవ్యాప్తంగా 5,680 గేజీల రికార్డులతో శిక్షణ ఇచ్చిన నెట్‌వర్క్, ఐదు రోజుల ముందు చెప్పే వరద సూచన, గ్లోఫాస్ అదే రోజున చెప్పే దానితో సమానంగా ఉందని తేల్చారు. కొన్ని గేజీల రికార్డులను శిక్షణలో దాచిపెట్టి, అక్కడ గేజీలే లేవన్నట్టుగా ఆ పరీక్ష చేశారు. చాలా పెద్ద అడుగు ఇది, నాలాంటి సమీకరణాల మనుషులకు కొంచెం మింగుడుపడని అడుగు. నేల పొరలు, నది గరుకుతనం చెప్పే మానింగ్ గుణకాలు ఏవీ చెప్పకుండానే వేల నదుల అలవాటు చూసి అది నేర్చుకుంది. చదివిన పుస్తకంలో లేని ప్రశ్న వస్తే ఏమిటన్నది నా సందేహం. భద్రాచలం గేజీ 80 అడుగులు చూపే రోజు వస్తే దానికి ఉదాహరణ ఏ రికార్డులోనూ ఉండదు. ద్రవ్యరాశి, ద్రవ్యవేగ నియమాలు మాత్రం ఆ రోజూ వర్తిస్తాయి. అందుకే ఆ నియమాలను నది ప్రవాహానికి వర్తింపజేసే 1871 నాటి సాన్-వెనాన్ సమీకరణాలను పాతసామాను గదిలోకి తోయొద్దని నా విన్నపం. ఇంకొకటి, ఈ నెట్‌వర్క్ నేర్చుకున్నది కూడా గేజీల దగ్గరే. గేజీ పుస్తకం మూసేస్తే అదీ నిరక్షరాస్యురాలే.

పెద్ద మోడళ్ల చూపు ఎక్కడిదాకా ఆనుతుందో 2024 సెప్టెంబరు 1న విజయవాడ చెప్పింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల రికార్డు వరద చేరింది. ఊరంతా కృష్ణ వైపు చూస్తోంది. సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం వెనక నుంచి వచ్చిన బుడమేరు. కొల్లేరులో కలిసే చిన్న ఏరు, ప్రపంచ మోడల్ గడిలో గీతగా కూడా కనపడదు. కృష్ణా వరదను ఏ మోడలైనా నూటికి నూరు పాళ్లు చెప్పి ఉన్నా ఆ కాలనీలకు ఒరిగేదేమీ లేదు.

చివరగా, మోడళ్లు కోర్టు మెట్లెక్కిన సంగతి. 2022 వరద తగ్గీ తగ్గకముందే, భద్రాచలం మునకకు దిగువన ఉన్న పోలవరం డ్యామ్ ఎదురునీరే కారణమని తెలంగాణ నుంచి, కాదని ఆంధ్రప్రదేశ్ నుంచి వాదనలు మొదలయ్యాయి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లకు ఇదే ప్రశ్న మీద పాత వివాదం ఉంది. 1980 నాటి ఒప్పందంలో స్పిల్‌వేను 36 లక్షల క్యూసెక్కులకు రాసుకున్నారు, తర్వాత దాన్ని 50 లక్షలకు పెంచారు. వరద అంకె మారితే ఎదురునీటి గీత మారుతుంది, గీత మారితే ఏ ఊళ్లు దాని కింద పడతాయో మారుతుంది. సుప్రీంకోర్టులో వాదించేవారి సంచిలో ఇప్పుడు తప్పనిసరిగా ఒక కంప్యూటర్ మోడల్ నివేదిక ఉంటుంది.

ఎదురునీరు అంటే ఏమిటో కూనవరం వాళ్లకు డ్యామ్ రాకముందు నుంచే తెలుసు. గోదావరి నిండుగా ఉంటే శబరి కలవడానికి చోటు దొరకదు. దాని నీరు వెనక్కి ఎగదన్ని చింతూరు, కోంట, అవతల ఒడ్డున మోటు దాకా పాకుతుంది. శబరిలో పెద్ద వాన లేకపోయినా ఇది జరగొచ్చు. బూర్గంపాడు దగ్గర కిన్నెరసానిదీ ఇదే తంతు. నేల వాలు చూసి నీటిని కిందికి మాత్రమే దించే సులువు పద్ధతి మోడళ్లకు దిగువ సంగతి తెలియదు, కాబట్టి అవి ఇక్కడ పనికిరావు. నీటి పైమట్టం వాలును కూడా లెక్కలోకి తీసుకునేవి పనికొస్తాయి. 2022 డిసెంబరులో నాసా, ఫ్రాన్స్ కలిసి పంపిన స్వాట్ ఉపగ్రహం వంద మీటర్లకు మించి వెడల్పున్న నదుల్లో నీటి మట్టాన్ని వాలుతో సహా పైనుంచే కొలుస్తోంది. ఒకే చోటికి మళ్లీ రావడానికి 21 రోజుల చక్రం కనుక ప్రతి పోటునూ పట్టుకోలేకపోవచ్చు. పట్టుకున్న రోజున మాత్రం అది ఏ రాష్ట్రం తరఫునా మాట్లాడదు.

పోలవరంలో నీరు పూర్తి మట్టానికి, 45.72 మీటర్లకు, నిలిపిన రోజు నుంచి కూనవరం గేజీ పాత పుస్తకం పనికిరాదు. అదే ప్రవాహానికి మట్టం వేరుగా ఉంటుంది. దశాబ్దాల పాటు కష్టపడి గీసిన వక్రరేఖ ఒక్క వానాకాలంతో చెల్లిపోతుంది. ఎగువ గేజీ చూసి దిగువ మట్టం చెప్పే పద్ధతి ఆ మేరకు కుంటుపడుతుంది. అప్పుడు సూచన కోసం మోడల్ మీదే ఎక్కువ ఆధారపడాలి. దానికి కావలసినవి పెద్ద రహస్యాలేమీ కావు. పాపికొండల నుంచి భద్రాచలం దాకా గోదావరిలోనూ, కూనవరం నుంచి మోటు దాకా శబరిలోనూ నది అడుగు దాకా తాజాగా కొలిచిన అడ్డుకోతలు కావాలి. 1986, 2006, 2022 వరదల్లో నీరు తాకిన గుర్తులు ఊరూరా ఎంత ఎత్తులో ఉన్నాయో కావాలి. స్పిల్‌వే గేట్ల గంటవారీ రికార్డు కావాలి. ఇవన్నీ ఒకే ఫైలులో నాలుగు రాష్ట్రాల ఇంజనీర్ల చేతికీ, ఈ హాల్లో ఉన్న పరిశోధక విద్యార్థుల చేతికీ ఒకే రోజు ఇవ్వండి. ఆ తర్వాత ఎవరి మోడల్ నడుపుతారన్నది పెద్ద తగాదా కాదు.